జాన్ కాల్హూన్ జీవితము – రాష్ట్రాధికార వివాదము

ఉమ్మడి కుటుంబమున నలుగురన్నదమ్ములు కలసి బ్రదుకునపుడు ఉమ్మడి యెంతవఱకు, ఎవరి సొంతము ఎంతవఱకు అను ప్రశ్న ఏనాటికైనను తలయెత్తక మానదు. పెద్దలు వ్రాసియిచ్చిన కాగితమున్నను, ఆ కాగితమునకు అర్థము చెప్పవలసిన వారెవరను రెండవ ప్రశ్న పుట్టును. పెక్కు రాష్ట్రములు చేరి ఒక రాజ్యముగా నేర్పడిన చోట్లనెల్ల ఈ రెండు ప్రశ్నలును కలవు. కేంద్ర ప్రభుత్వము చేసిన శాసనము తనకు కీడు చేయునని ఒక రాష్ట్రము తలంచినచో, దానిని త్రోసిపుచ్చు హక్కు ఆ రాష్ట్రమునకు కలదా? అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రజలు ఈ ప్రశ్నతో ముప్పాతిక శతాబ్దము పెనగులాడి, తుదకు అంతర్యుద్ధమున నెత్తురు ధారవోసి సమాధానము కనుగొనిరి. ఆ వివాదమున రాష్ట్రముల పక్షమున నిలిచి, దానికొక శాస్త్రరూపము కల్పించిన మేధావి జాన్ కాల్హూన్. అతని బుద్ధిబలము అసామాన్యము. అతని జీవితము నేర్పు పాఠము కఠినము.

కాల్హూన్ 1782వ సంవత్సరము మార్చి 18వ తేదీన దక్షిణ కరోలినా రాష్ట్రమందలి అబ్బెవిల్ ప్రాంతమున జన్మించెను. తండ్రి పాట్రిక్ కాల్హూన్ చిన్ననాడే ఐర్లండు దేశమునుండి వలస వచ్చినవాడు. సేద్యము చేసి, భూములు కొలుచు పనియు చేసి, స్వశక్తిచే పైకివచ్చి రాష్ట్ర శాసనసభలో సభ్యుడయ్యెను. ఇంగ్లాండుతో పోరాడి స్వాతంత్ర్యము పొందిన 13 రాష్ట్రములును 1787లో నూతన రాజ్యాంగమును వ్రాసికొన్నపుడు పాట్రిక్ దానిని వ్యతిరేకించెను. తమ రాష్ట్రము వారిపై పన్ను వేయు అధికారము పరరాష్ట్రముల వారికి దక్కునని అతని భయము. ఆ భయము కుమారుని మనస్సున విత్తనమై పడి, నలువదియేండ్లకు మొలకెత్తినది.

జాన్ బాల్యమున ఆ ప్రాంతమందు బడులు అరుదు. పదుమూడవ యేట అతనిని అక్కగారి భర్తయగు మోజెస్ వాడెల్ అను మతబోధకుని కడకు విద్యాభ్యాసమునకు పంపిరి. కొలది కాలమునకే ఆ యక్క మరణించెను. వాడెల్ ప్రచారకార్యముమీద తఱచు ఊళ్ళు తిరుగుచుండుటచే బాలుడు ఇంట ఒంటరిగా నుండవలసి వచ్చెను. అయితే ఆ యింట చుట్టుప్రక్కల వారికి పుస్తకములు ఎరువిచ్చు చిన్న గ్రంథాలయ మొకటి యుండెను. బాలుడు దానిలో ప్రవేశించి ప్రాచీన చరిత్రము, అమెరికా చరిత్రము, నావికుల యాత్రలు ఒకదాని తరువాత నొకటి చదివి, లాక్ అను తత్త్వవేత్త గ్రంథమును సైతము చేపట్టెను. రేయింబవళ్ళు చదువుటచే కన్నులు పాడై, శరీరము శుష్కించెను. తల్లి యీ సంగతి తెలిసి ఇంటికి రప్పించి, పుస్తకములనుండి తప్పించి, పొలము పనులలో పెట్టెను. పిదప కొన్నియేండ్లకు అన్నల ప్రోత్సాహమున చదువు మరల సాగినది. 1804లో ఉత్తరదేశమందలి యేల్ కళాశాలనుండి పట్టమునంది, లిచ్‌ఫీల్డు గ్రామమందలి ధర్మశాస్త్ర పాఠశాలలో చదివి, 1807లో న్యాయవాదియయ్యెను. ఒక చిన్న గ్రంథాలయము పల్లెటూరి బాలునకు రాజ్యతంత్రమునకు దారి చూపినది.

1808లో రాష్ట్ర శాసనసభకును, తరువాత కేంద్రమందలి ప్రతినిధుల సభకును కాల్హూన్ ఎన్నికయ్యెను. 1811లో తన జ్ఞాతి కుమార్తె ఫ్లోరిడ్‌ను వివాహమాడి, ఆ సంవత్సరమే ప్రతినిధుల సభలో కూర్చుండెను. ఆనాటి కాల్హూన్‌ను చూచినవారెవ్వరును అతడు మునుముందు రాష్ట్రపక్షపాతి యగునని ఊహించి యుండరు. హెన్రీ క్లే మొదలగు యువకులతో కలసి ఇంగ్లాండుపై యుద్ధము ప్రకటింపవలెనని పట్టుపట్టెను. 1812లో యుద్ధము వచ్చెను. ఆ యుద్ధమువలన వర్తకము చెడిన ఈశాన్య రాష్ట్రముల వారు 1814లో హార్ట్‌ఫర్డు పట్టణమున సమావేశమై రాష్ట్రముల హక్కులను గూర్చి మొఱపెట్టుకొనిరి. అప్పుడు కాల్హూన్ దేశైక్యపక్షమున నుండెను. యుద్ధానంతరమున జాతీయ బ్యాంకు స్థాపనకు బిల్లు తెచ్చెను. స్వదేశ పరిశ్రమల రక్షణకై 1816లో విధించిన దిగుమతి సుంకమును సమర్థించెను. కేంద్ర ద్రవ్యముతో బాటలును కాలువలును నిర్మింపవలెనని 1817లో ప్రతిపాదించెను. రాజ్యాంగము అట్టి యధికారము నీయలేదని అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ ఆ బిల్లును త్రిప్పివేసెను.

1817నుండి 1825వఱకు అతడు అధ్యక్షుడు మన్రో కొలువున యుద్ధశాఖ మంత్రిగా నుండెను. ఆ శాఖలో కోట్లకొలది డాలర్ల పాతలెక్కలు తెగక పేరుకొనియుండెను. కాల్హూన్ వానిని తీర్చి, శాఖను క్రమపఱచి, సమర్థుడని పేరొందెను. 1825లో ఉపాధ్యక్షుడయ్యెను. మొదట జాన్ క్విన్సీ ఆడమ్స్ క్రిందను, 1829నుండి ఆండ్రూ జాక్సన్ క్రిందను ఆ పదవిలో నుండెను. తరువాత అధ్యక్షపీఠము అతనిదేయని పలువురు తలంచిరి. అంతలో సుంకము వివాదము ముదిరినది.

దాని మర్మము తెలియనిదే ఈ చరిత్రము బోధపడదు. ఉత్తర రాష్ట్రములలో నేతమిల్లులును ఇనుప కర్మాగారములును బయలుదేఱినవి. దక్షిణ రాష్ట్రములకు ప్రత్తి సేద్యమే ఆధారము. 1793లో ఎలీ విట్నీ ప్రత్తినుండి గింజ వేరుచేయు యంత్రమును నిర్మించినప్పటినుండి ఆ సేద్యము విపరీతముగా పెరిగినది. దక్షిణపు రైతు ప్రత్తిని ఇంగ్లాండుకమ్మి, అక్కడి వస్త్రములను సామగ్రిని కొనుచుండెను. విదేశపు సరకుపై సుంకము హెచ్చించినచో ఉత్తరపు మిల్లుదారునకు పోటీ తగ్గి లాభము వచ్చును. దక్షిణపు రైతునకు కొనునది ప్రియమగును. పైగా ఇంగ్లాండు తన వస్త్రమమ్ముకొనలేనిచో ప్రత్తియు తక్కువగా కొనును. 1828లో చేసిన శాసనము ఈ సుంకమును మునుపెన్నడును లేనంత ఎత్తునకు పెంచినది. దక్షిణ కరోలినాకు చెందిన మెక్‌డఫీ అను ప్రతినిధి, రైతు పండించిన నూరు బేళ్ళలో 40 బేళ్ళు సుంకము క్రిందనే పోవుచున్నవని ఊరూర చాటెను. ఆ లెక్క అతిశయోక్తియే. ప్రత్తి ధర పడిపోవుటకు అలబామా, మిసిసిపీ రాష్ట్రములలో క్రొత్త భూములు సాగులోనికి వచ్చుటయు ముఖ్యకారణము. అయినను, అప్పుల పాలైన రైతునకు సుంకము కంటికి కనబడు శత్రువయ్యెను. ఆ గోడు పూర్తిగా నిరాధారము కాదు.

ఉపాధ్యక్షుడుగా నుండియే కాల్హూన్ 1828లో తన రాష్ట్ర శాసనసభ కొఱకు రహస్యముగా నొక నివేదిక వ్రాసియిచ్చెను. గ్రంథకర్త పేరు లేకుండ అది ప్రకటింపబడినది. అందలి సిద్ధాంతమిది: రాజ్యాంగము సార్వభౌమాధికారము గల రాష్ట్రములు తమలో తాము చేసికొనిన ఒడంబడిక. కేంద్ర ప్రభుత్వము ఆ రాష్ట్రములు నియమించిన గుమాస్తా వంటిది. గుమాస్తా తన అధికారమును మీఱెనో లేదో తీర్పు చెప్పవలసినది యజమాని గాని గుమాస్తా గాదు. కావున అన్యాయమని తోచిన కేంద్ర శాసనమును ఒక రాష్ట్రము ప్రజాసమావేశము జరిపి తన సరిహద్దులలో చెల్లదని ప్రకటింపవచ్చును. నాలుగింట మూడువంతుల రాష్ట్రములు కలసి రాజ్యాంగమును సవరించి ఆ యధికారమును కేంద్రమునకిచ్చినగాని ఆ శాసనము అక్కడ అమలు కాగూడదు. అప్పటికి రాష్ట్రములు 24. సవరణకు 18 కావలెను. అనగా ఒక రాష్ట్రము శాసనమును ఆపవచ్చును. ఏడు రాష్ట్రములు కూడినచో శాశ్వతముగా అడ్డవచ్చును. అధిక సంఖ్యాకుల బలమునుండి అల్పసంఖ్యాకులను కాపాడుటకే ఈ యుపాయమని అతని వాదము. 1798లో జెఫర్సన్, మాడిసన్‌లు వ్రాసిన తీర్మానములను ఇందుకు ఆధారముగా చూపెను. వృద్ధుడైన మాడిసన్ అప్పటికి జీవించియే యుండెను. తాము అట్టి యర్థమున వ్రాయలేదని, ఒక్క రాష్ట్రము శాసనమును రద్దుచేయుట రాజ్యాంగమునకు విరుద్ధమని ఆయన స్పష్టముగా ఖండించెను.

1830 జనవరిలో సెనేటునందు ఈ విషయమై మహావాదము జరిగినది. దక్షిణ కరోలినాకు చెందిన రాబర్ట్ హేన్ రాష్ట్రపక్షమును, మసాచుసెట్స్‌కు చెందిన డేనియల్ వెబ్‌స్టర్ ఐక్యపక్షమును వాదించిరి. రాజ్యాంగము రాష్ట్రముల ఒడంబడిక కాదని, ప్రజలందఱు కలసి నిర్మించుకొనినదని, శాసనము చెల్లునో చెల్లదో నిర్ణయింపవలసినది సుప్రీంకోర్టు అని వెబ్‌స్టర్ వాదించెను. అధ్యక్షస్థానమున కూర్చున్న కాల్హూన్‌కు మాటాడు వీలు లేకుండెను. అదే సంవత్సరము ఏప్రిల్ 13న జెఫర్సన్ జయంతి విందు జరిగెను. అధ్యక్షుడు జాక్సన్ స్వయముగా కరోలినా గడ్డపై పుట్టి, ప్రత్తితోటలును బానిసలును గలవాడు. రాష్ట్రముల పక్షమునకు కొంత మొగ్గుగలవాడు. కాని అతడు లేచి దేశైక్యమును నిలుపుకొనవలసినదేయని శుభాకాంక్ష పలికినపుడు సభ నిశ్చేష్టమయ్యెను. కాల్హూన్ ఐక్యముకంటె స్వేచ్ఛయే ప్రియమను భావముతో బదులుపలికెను. 1818లో ఫ్లోరిడా దండయాత్ర విషయమున తనను శిక్షింపవలెనని కాల్హూన్ మంత్రిసభలో వాదించెనని జాక్సన్‌కు ఆ కాలముననే తెలిసినది. ఇరువురి స్నేహము అంతటితో తెగెను. 1831 జూలైలో కాల్హూన్ తన సిద్ధాంతమును బహిరంగముగా స్వపేరున ప్రకటించెను.

1832లో సుంకము కొంత తగ్గింపబడెను గాని దక్షిణ కరోలినా తృప్తిచెందలేదు. నవంబరు 24న ఆ రాష్ట్రమందలి ప్రజాసమావేశము 1828, 1832 సంవత్సరముల సుంక శాసనములు తమ రాష్ట్రమున చెల్లవని తీర్మానించి, 1833 ఫిబ్రవరి 1వ తేదీని గడువుగా పెట్టెను. కేంద్రము బలప్రయోగము చేసినచో దేశమునుండి విడిపోవుదుమని హెచ్చరించెను. శాసనసభ్యులు తప్ప తక్కిన ఉద్యోగులెల్లరు ఈ తీర్మానమునకు బద్ధులమని ప్రమాణము చేయవలెనని శాసించెను. ఆ రాష్ట్రముననే వేలకొలది మంది ఐక్యవాదులు కలరు. అల్పసంఖ్యాకుల రక్షణకై కేంద్రముతో పోరాడుచున్న రాష్ట్రము, తన యింటి అల్పసంఖ్యాకుల మనస్సాక్షిని నొక్కివేయుటకు సంకోచింపలేదు.

డిసెంబరు 10న జాక్సన్ ప్రకటన వెలువరించి, ఒక రాష్ట్రము శాసనమును రద్దుచేయుట చెల్లదని, సాయుధులై విడిపోబూనుట రాజద్రోహమని చాటెను. చార్లెస్టన్ రేవునకు సేనలను ఓడలను పంపెను. కాల్హూన్ డిసెంబరు 28న ఉపాధ్యక్ష పదవికి రాజీనామా నిచ్చి, హేన్ వదలిన సెనేటు స్థానమునందు చేరెను. హేన్ గవర్నరై రాష్ట్ర సేనను సమకూర్చుచుండెను. ఇరుగుపొరుగు దక్షిణ రాష్ట్రములు సుంకమును నిందించినను, రద్దు మార్గమును మెచ్చి తోడు రాలేదు. ఒంటరియైన రాష్ట్రమునకును, రక్తపాతమును తప్పింపగోరు దేశమునకును ఒక దారి కావలసివచ్చెను. హెన్రీ క్లే ముందునకు వచ్చి, 1842 నాటికి సుంకమును క్రమక్రమముగా నూటికి 20 వంతులకు దింపునట్టి రాజీబిల్లు తెచ్చెను. కాల్హూన్ దానికి సమ్మతించెను. 1833 మార్చి 2న జాక్సన్ ఆ రాజీబిల్లును, సేనాబలముతో సుంకము వసూలుచేయుటకు అధికారమిచ్చు బిల్లును ఒకేనాడు ఆమోదించెను. దక్షిణ కరోలినా తన రద్దు తీర్మానమును ఉపసంహరించుకొని, పరువు నిలుపుకొనుటకు సేనాబలపు శాసనమును మాత్రము రద్దుచేసితిమని ప్రకటించెను. ఇరుపక్షములును గెలిచితిమనుకొనినవి. మూలప్రశ్న తీఱలేదు.

ఏలననగా ఆ వివాదమునకు సుంకము పైపొర మాత్రమే. లోపల బానిసత్వము కలదు. ఈనాడు సుంకము విధించు కేంద్రము రేపు బానిసత్వమును తొలగింపవచ్చునను భయమే దక్షిణ కరోలినాను అంతగా కలవరపఱచినది. 1830 జనాభా లెక్కలలో ఆ రాష్ట్రపు జనసంఖ్య 5,81,185. అందులో బానిసలు 3,15,401 మంది. అనగా సగమునకు మించినవారు బానిసలు. కేంద్ర ప్రతినిధుల సభలో స్థానములను నిర్ణయించునపుడు ఐదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కించుకొని రాష్ట్రము హెచ్చు స్థానములు పొందుచుండెను. వారికి మాత్రము ఓటు లేదు, మాట లేదు, తమ బిడ్డలపై హక్కును లేదు. సార్వభౌమత్వము రాష్ట్రప్రజలదని కాల్హూన్ వ్రాసినపుడు ఆ ప్రజలలో వీరు లేరు. ఫోర్ట్ హిల్ అను అతని సొంత తోటలో పదులకొలది బానిసలు పాటుపడుచుండిరి. తక్కిన పెద్దలనేకులు బానిసత్వమును తప్పనిసరియైన కీడుగా చెప్పుకొనుచుండగా, 1837లో అతడు సెనేటునందు దానిని మేలైన వ్యవస్థయని సమర్థించెను. అతని కీర్తికి మాయని మచ్చ యిది.

1834లో దక్షిణ కరోలినా బానిసలకు చదువు నేర్పువారిని శిక్షించు శాసనము చేసెను. 1835 జూలైలో చార్లెస్టన్ పట్టణమున ఒక మూక తపాలా కచ్చేరిలో చొరబడి, బానిసత్వమును ఖండించు పత్రికలను తెచ్చి తగులబెట్టెను. మఱుసటి సంవత్సరము కాల్హూన్, ఏ రాష్ట్రము నిషేధించిన పత్రికలను ఆ రాష్ట్రమున తపాలా ఉద్యోగులు పంచిపెట్టరాదని బిల్లు తెచ్చెను. సెనేటు దానిని త్రోసిపుచ్చెను. బాల్యమున ఎరువు పుస్తకములతో కన్నులు చెడువఱకు చదివి పైకివచ్చినవాడే, ఇతరుల చేతికి కాగితము చేరకుండ రాష్ట్రాధికారమును అడ్డుపెట్ట యత్నించెను.

1844లో విదేశాంగ మంత్రియై, టెక్సాస్‌ను దేశమున చేర్చుకొనుటకు పాటుపడెను. 1845లో సెనేటునకు మరలివచ్చి, మెక్సికోతో యుద్ధమును వ్యతిరేకించెను. ఆ యుద్ధమున గెలిచిన భూములలో బానిసత్వముండవలెనా వలదా యను తగవు దేశమును రెండుగా చీల్చినది. 1850 మార్చి 4న క్షయవ్యాధిచే కృశించిన కాల్హూన్ సెనేటులో దుప్పటి కప్పుకొని కూర్చుండగా, అతని తుది ప్రసంగమును వర్జీనియా సభ్యుడు జేమ్స్ మేసన్ చదివెను. ఉత్తరదక్షిణముల నడుమ తూనిక చెడినదని, సరిదిద్దకున్నచో ఐక్యము నిలువదని అందలి సారము. పారిపోయిన బానిసలను పట్టి యప్పగింపవలెనని కూడ అందు కోరెను. ఆ సంవత్సరమే కేంద్రము అట్టి శాసనమును కఠినముగా చేసెను. అప్పుడు వాదము తలక్రిందులైనది. ఉత్తరమందలి విస్కాన్సిన్ రాష్ట్రపు న్యాయస్థానము ఆ కేంద్ర శాసనము చెల్లదనెను. దక్షిణము వారు కేంద్రాధికారమును అమలుపఱుపుమని పట్టుపట్టిరి. 1859లో సుప్రీంకోర్టు కేంద్రపక్షముననే తీర్పు చెప్పినది. రాష్ట్రాధికారము, కేంద్రాధికారము అను మాటలు ఏ పక్షమువారి చేతికైనను అందు పనిముట్లని దీనివలన తేటతెల్లమగును.

కాల్హూన్ 1850 మార్చి 31న వాషింగ్టన్ నగరమున తన 68వ యేట మరణించెను. చార్లెస్టన్‌లోని సెయింట్ ఫిలిప్ దేవాలయ ప్రాంగణమున అతనిని ఖననము చేసిరి. అతని రాజ్యతంత్ర గ్రంథములు రెండు మఱుసటి సంవత్సరము వెలువడినవి. తలలు లెక్కించి హెచ్చువారి మాటయే చెల్లునన్నచో అది న్యాయము కానేరదని, దేశమందలి ప్రధాన వర్గములన్నిటికిని తమకు హానిచేయు శాసనము నాపు శక్తి యుండవలెనని అందు అతడు వాదించెను. ఈనాటికిని రాజనీతి చదువువారు ఆ గ్రంథములను విడువరు.

పదియేండ్లకు అతని మాటలు తుపాకులైనవి. 1860 డిసెంబరు 20న దక్షిణ కరోలినా దేశమునుండి విడిపోయెను. 1861 ఏప్రిల్ 12న చార్లెస్టన్ రేవులోని సమ్టర్ కోటపై ఫిరంగులు పేలినవి. నాలుగేండ్ల యుద్ధమున ఆఱులక్షలకు పైగా సైనికులు మడిసిరి. 1865లో బానిసత్వము రద్దయి, సుమారు 40 లక్షల మంది విముక్తులైరి. 1869లో సుప్రీంకోర్టు, దేశైక్యము విడదీయరానిదని, రాష్ట్రములును నశింపరానివని తీర్పు చెప్పినది. అటుపిమ్మటను కాల్హూన్ వాదము పూర్తిగా సమసిపోలేదు. నల్లజాతి బాలురను తెల్లవారి బడులలో చేర్చుకొనుమని సుప్రీంకోర్టు చెప్పినపుడు కొన్ని దక్షిణ రాష్ట్రములు ఆ పాతవాదమునే పైకిదీసినవి. 1957లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ లిటిల్ రాక్ పట్టణమునకు సేనను పంపవలసివచ్చెను. 2017లో యేల్ విశ్వవిద్యాలయము తనలోని ఒక కళాశాలకు పెట్టిన కాల్హూన్ పేరును తొలగించెను. 2020 జూన్‌లో చార్లెస్టన్ నగరమందలి అతని విగ్రహమును దింపివేసిరి.

ఈ చరిత్రము భారతదేశమునకును పాఠమైనది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్ ముసాయిదాను ప్రవేశపెట్టుచు, మన సమాఖ్య రాష్ట్రముల ఒడంబడికచే పుట్టినది కాదని, కావున విడిపోవు హక్కు ఏ రాష్ట్రమునకు లేదని, అమెరికా వారు యుద్ధము చేసి తేల్చుకొనిన సంగతిని ముందే స్పష్టము చేయుట మేలని వివరించెను. అంతమాత్రమున రాష్ట్రముల గోడు వినవలసిన పని తీఱలేదు. కేంద్రరాష్ట్రముల తగవులను విచారించుటకు 131వ అధికరణమున సుప్రీంకోర్టు కలదు. పన్నుల రాబడి పంపకమునకు 280వ అధికరణమున ఆర్థిక సంఘము కలదు. రాష్ట్ర ప్రభుత్వములను కేంద్రము ఇష్టానుసారము తొలగింపరాదని 1994లో బొమ్మై వ్యాజ్యమున సుప్రీంకోర్టు కట్టడి చేసినది. కాల్హూన్ అడిగిన ప్రశ్న, బలవంతులైన పెక్కండ్రనుండి కొలదిమందికి రక్షణ యేదియనునది, నేటికిని సరియైన ప్రశ్నయే. అతడు చెప్పిన సమాధానము చెడినది. రాష్ట్రమునకు హక్కు కోరువారు ఆ రాష్ట్రమున నోరులేని వారికెంత హక్కు నిచ్చుచున్నారో మొదట చూపవలెను. ఆ లెక్క తప్పినచో, ఎంతటి మేధావి వ్రాసిన పద్దైనను సరిపడదు.